ఎల్లెన్‌బరో మాజీ భార్య, ఎడారి షేక్ ఇల్లాలు: జేన్ డిగ్బీ కథ

మీరు అడిగినవి మూడు. గవర్నర్ జనరల్ ఎల్లెన్‌బరో భార్య ఒక అరబ్బు షేక్‌ను పెళ్ళాడి గుడారంలో కాపురం చేసిందంటారు, నిజమేనా? ఆమె పుట్టింటివాళ్ళు ఎవరు? కన్న పిల్లలు ఏమయ్యారు? పాతికేళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు బ్రిటిష్ ఇండియా చరిత్ర చెప్పినవాణ్ణి. ఎల్లెన్‌బరో పేరు వచ్చినప్పుడల్లా "సోమనాథ్ తలుపులు, సింధ్ ఆక్రమణ, 1844లో వెనక్కి పిలుపు" అని మూడు ముక్కలు రాయించి ముందుకెళ్ళిపోయేవాణ్ణి. ఆయన ఇంటి కథ ఆయన పాలన కంటే పెద్దదని చాలా ఆలస్యంగా తెలిసింది.

షేక్‌ను పెళ్ళాడిన మాట నిజమే. కాకపోతే ఒక సవరణ ఉంది. ఎల్లెన్‌బరో 1842లో కలకత్తాలో దిగేనాటికి ఆమె ఆయన భార్య కాదు. విడాకులై అప్పటికి పన్నెండేళ్ళు. ఆమె ఇండియా ముఖం చూడనే లేదు.

ముందు పుట్టింటి సంగతి. జేన్ ఎలిజబెత్ డిగ్బీ 1807 ఏప్రిల్ 3న డోర్సెట్‌లో పుట్టింది. తండ్రి హెన్రీ డిగ్బీ నౌకాదళ అధికారి. 1799లో స్పెయిన్ ఖజానా ఓడలు పట్టుబడ్డప్పుడు అందులో పాల్గొన్న ఒక్కో కెప్టెన్‌కు వాటాగా నలభై వేల పౌన్ల పైచిలుకు దక్కింది. వాళ్ళలో డిగ్బీ ఒకడు. 1805లో ట్రఫాల్గర్ దగ్గర ఆయన ఓడ ఆఫ్రికా రాత్రికి రాత్రి దళం నుంచి విడిపోయింది. తెల్లారాక నెల్సన్ ఓడ నుంచి సంకేతం వస్తే దాన్ని తన పద్ధతిలో అర్థం చేసుకుని, శత్రువుల వరుస పొడుగునా ఒంటరిగా కాల్చుకుంటూ వెళ్ళాడు. కూతురికి ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందని నన్నెవరైనా అడిగితే ఈ సంగతే చెబుతాను.

తల్లి లేడీ ఆండోవర్. మొదటి భర్త తుపాకీ ప్రమాదంలో పోయాక హెన్రీ డిగ్బీని చేసుకుంది. ఆమె తండ్రి, అంటే జేన్ తాత, థామస్ కోక్. నార్ఫోక్‌లోని హోల్కమ్ ఎస్టేటుకు యజమాని, వ్యవసాయంలో కొత్త పద్ధతులకు పేరుబడ్డ పెద్దమనిషి. ఈ తాతగారు 67 ఏళ్ళ వయసులో, 1822లో, 18 ఏళ్ళ అమ్మాయిని రెండో పెళ్ళి చేసుకుని మళ్ళీ పిల్లల్ని కన్నాడు. ఊరు నవ్వుకుంది, అంతే. 1837లో ఆయన్ను లెస్టర్ ప్రభువును చేశారు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

జేన్‌కు ఇద్దరు తమ్ముళ్ళు. ఎడ్వర్డ్‌కు తర్వాత డిగ్బీ ప్రభువు బిరుదు వచ్చింది. కెనెల్మ్ చర్చి ఫాదరు అయ్యాడు. 1990ల్లో ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన పమేలా హారిమన్, అదే చర్చిల్ మాజీ కోడలు, ఈ ఎడ్వర్డ్‌కు మునిమనవరాలు.

పదిహేడేళ్ళు నిండగానే, 1824 సెప్టెంబరులో, జేన్‌ను ఎడ్వర్డ్ లా, అంటే రెండో ఎల్లెన్‌బరో ప్రభువుకిచ్చి పెళ్ళి చేశారు. ఆయనకు 34, మొదటి భార్య పోయింది. ఆయన తండ్రి ప్రధాన న్యాయమూర్తి. అంతకుముందు వారన్ హేస్టింగ్స్ మీద పార్లమెంటులో విచారణ జరిగినప్పుడు హేస్టింగ్స్ తరఫున వాదించిన వకీలు ఆయనే. కొడుకు తెలివైనవాడే, కానీ ప్రాణమంతా రాజకీయాల్లో ఉండేది. రాత్రిళ్ళు సభలో, పగళ్ళు ఆఫీసులో. ఆయనకు వేరే సంబంధాలున్నాయన్న గుసగుసలూ ఉన్నాయి. 1828 ఫిబ్రవరిలో ఆర్థర్ అనే కొడుకు పుట్టాడు.

ఆ కొడుకు ఎల్లెన్‌బరోకు పుట్టినవాడు కాదని జేన్‌కు గట్టి నమ్మకం. ఆమె మొదటి ప్రేమికుడు కర్నల్ జార్జ్ ఆన్సన్. ఆమె పిన్ని కొడుకు. మన వరసల ప్రకారం చూస్తే అన్న! ఇంగ్లీషువాళ్ళకు ఆ పట్టింపు లేదనుకోండి. గుర్రప్పందేల్లోనూ పేకాటలోనూ ఆరితేరినవాడు. పుకార్లు ముదరగానే మెల్లగా తప్పుకున్నాడు.

తర్వాత వచ్చినవాడు ఫెలిక్స్ ష్వార్జెన్‌బర్గ్, లండన్‌లో ఆస్ట్రియా రాయబార కార్యాలయంలో పనిచేసే యువరాజు, వయసు 27. 1828 డెర్బీ పందెంలో క్యాడ్‌లాండ్, ద కర్నల్ అనే రెండు గుర్రాలు సమానంగా గీత దాటాయి. మళ్ళీ పరిగెత్తిస్తే క్యాడ్‌లాండ్ గెలిచింది. కర్నల్ ఆన్సన్‌ను పక్కకు తోసినవాడు కాబట్టి లండన్ క్లబ్బుల్లో ఈ యువరాజుకు 'క్యాడ్‌లాండ్' అని పేరు పెట్టేశారు. ఒక సంబంధానికి గుర్రప్పందెం మారుపేరు వచ్చిందంటే అది ఊరందరికీ తెలిసినట్టే. మొగుడికి తప్ప, లేదా తెలియనట్టు నటించిన మొగుడికి తప్ప.

ఇద్దరూ దాచే ప్రయత్నం పెద్దగా చెయ్యలేదు. హార్లీ వీధిలో అతని ఇంటికి ఆమె పట్టపగలు బగ్గీ తోలుకుంటూ వెళ్ళేది. కిటికీలోంచి చూసి, అతను ఆమె నడుం పట్టీ తాళ్ళు బిగిస్తున్నాడని సాక్ష్యం చెప్పినవాళ్ళున్నారు. 1829 ఫిబ్రవరిలో బ్రైటన్‌లోని నార్ఫోక్ హోటల్లో ఆమె దిగింది, ఆ వెనకే అతనూ దిగాడు. రాత్రి అతను ఆమె గదిలోకి వెళ్ళడం చూసి, తలుపు దగ్గర చెవి పెట్టి విన్న హోటల్ నౌకరు తర్వాత ప్రభువుల సభ ముందు నిలబడి విన్నది విన్నట్టు చెప్పాడు.

హోటల్ నౌకరుకు ప్రభువుల సభలో పనేమిటి అంటారా? ఆనాటి ఇంగ్లండ్‌లో విడాకులంటే కోర్టులో తేలే వ్యవహారం కాదు. చర్చి కోర్టు భార్యాభర్తలు విడిగా ఉండొచ్చని మాత్రమే చెప్పగలదు. మళ్ళీ పెళ్ళి చేసుకునే వీలు కావాలంటే ఒక్కో జంటకూ ఒక్కో చట్టం చేయించుకోవాలి. బిల్లు పెట్టాలి, రెండు సభల్లోనూ సాక్షుల్ని నడిపించాలి, రాజుగారి ఆమోదం తెచ్చుకోవాలి. బాగా డబ్బున్న మగవాడికే అది సాధ్యం. 1857లో కొత్త చట్టం వచ్చేదాకా, నూట ఎనభై ఏళ్ళకు పైబడిన కాలంలో, ఇలా విడాకులు పొందిన స్త్రీలు నలుగురే. మొగుడు తప్పు చేస్తే సరిపోదు, అందులో ఇంకేదైనా ఘోరం కలిసి ఉండాలి. పెళ్ళాం ఒక్కసారి తప్పు చేసినట్టు రుజువైతే చాలు.

1830లో ఎల్లెన్‌బరో బిల్లు అలా నడిచింది. జేన్ అప్పటికే దేశం దాటేసింది. వకీలును పెట్టుకుని ఎదురు వాదించలేదు. భర్త కూడా తక్కువవాడు కాదని కామన్స్ సభలో కొందరు అన్నారు. పత్రికలు సాక్ష్యాలను వరస వెంబడి అచ్చేశాయి, జనం ఎగబడి కొన్నారు. బిల్లు గెలిచింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న రెండేళ్ళయినా నిండని ఆర్థర్ చనిపోయాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆమె సంబంధాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టి నవ్వుకునే రాతలు చాలా చూశాను. ఆమె కాలంలో ఆ వర్గంలో అలాంటి సంబంధాలు బోలెడు. పెళ్ళయిన ఆడవాళ్ళు రహస్యం కాపాడుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. జేన్ దాచలేదు, అదే ఆమె చేసిన నేరం. ఆ రచ్చలో పాలుపంచుకున్న మగవాళ్ళు ఏమయ్యారో చూడండి. మొగుడు ఇండియాకు గవర్నర్ జనరల్ అయ్యాడు. ఆయన కాలంలో వచ్చిన 1843 ఐదో చట్టం, కంపెనీ ఏలుబడిలో ఉన్న మన కోస్తా జిల్లాలతో సహా, బానిసత్వానికి చట్టం దన్ను లేకుండా చేసింది. అది ఆయన ఖాతాలో మంచి పని. కర్నల్ ఆన్సన్ జనరల్ అయ్యి, ఇండియాలో సర్వసేనాధిపతి అయ్యి, 1857 మే నెలలో తిరుగుబాటు చేసిన ఢిల్లీ మీదికి సైన్యంతో వెళ్తూ కర్నాల్ దగ్గర కలరాతో పోయాడు. ష్వార్జెన్‌బర్గ్ 1848లో ఆస్ట్రియా ప్రధానమంత్రి అయ్యాడు. ఒకళ్ళ పదవికీ ఈ వ్యవహారం అడ్డురాలేదు. ఇంగ్లండ్‌లో గౌరవంగా బతికే వీలు పోయింది ఆమె ఒక్కదానికే. 67 ఏళ్ళ తాతగారి పెళ్ళిని ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

యూరప్ కథ గబగబా చెప్పేస్తాను, పేర్లు ఎక్కువ, సారం తక్కువ. ష్వార్జెన్‌బర్గ్‌కు ఇద్దర్ని కంది. 1829 నవంబరులో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో మటిల్డా పుట్టింది. మరుసటి ఏడాది చివర పారిస్‌లో పుట్టిన మగబిడ్డ కొద్ది రోజులకే పోయాడు. అతను ఆమెను వదిలేశాడు. మ్యూనిక్ వెళ్ళింది. బవేరియా రాజు మొదటి లుడ్విగ్ అందగత్తెల బొమ్మలు గీయించి ఒక గదిలో వరసగా తగిలించుకునేవాడు. 1831లో ష్టీలర్ గీసిన జేన్ బొమ్మ ఇప్పటికీ నిమ్ఫెన్‌బుర్గ్ కోటలో ఉంది. అదే గదిలో లోలా మాంటెజ్ అనే నాట్యకత్తె బొమ్మ కూడా ఉండటంతో చాలామంది ఇద్దర్నీ కలిపేస్తారు. లుడ్విగ్ సింహాసనం పోవడానికి కారణమైంది లోలా, జేన్ కాదు.

1833లో బవేరియా బారన్ కార్ల్ ఫాన్ వెనింగెన్‌ను పెళ్ళాడింది. ఇద్దరు పిల్లలు, హెరిబర్ట్, బెర్తా. తర్వాత స్పిరిడోన్ తియోటోకిస్ అనే గ్రీకు కౌంట్‌తో లేచిపోయింది. బారన్ వెంటపడి, తుపాకులతో ద్వంద్వయుద్ధం చేసి, కౌంట్‌ను గాయపరిచి, ఆ మీదట తన ఇంటికే తీసుకొచ్చి వైద్యం చేయించాడని చెప్పుకుంటారు. ఈ బారన్ అంటే నాకు ఇష్టం. పిల్లల్ని తనే పెంచాడు. వదిలేసి పోయిన భార్యకు జీవితాంతం స్నేహంగా ఉత్తరాలు రాశాడు.

జేన్ గ్రీకు చర్చిలో చేరి కౌంట్‌ను పెళ్ళాడి కోర్ఫు ద్వీపంలో, ఆ తర్వాత ఏథెన్స్‌లో ఉంది. వాళ్ళ కొడుకు లియోనిదాస్. కన్న పిల్లల్లో ఆమె మనసారా పెంచుకున్నది వీణ్ణొక్కణ్ణే. 1846లో ఆరేళ్ళ పిల్లవాడు ఇటలీలో ఒక ఇంటి పైఅంతస్తు నుంచి కింద పడి, తల్లి కళ్ళ ముందే చనిపోయాడు. ఆ పెళ్ళీ దాంతోనే ముగిసింది. గ్రీస్ రాజు ఒట్టోతో కూడా సంబంధం అంటారు, నేను దాన్ని పుకార్ల కుప్పలోనే ఉంచుతాను. తర్వాత హజీ పెట్రోస్ అనే ముసలి కొండదొర, పల్లికార్లనే గ్రీకు కొండ యోధుల నాయకుడు. అతని కోసం గుహల్లోనూ గుర్రాల మీదా తిరిగింది. అతను జేన్ దాసి యూజెనీకి వల వేస్తున్నాడని ఆ దాసే వచ్చి చెబితే, దాన్నే వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. దొరను వదిలింది కానీ దాసిని వదల్లేదు.

అప్పటికి ఆమెకు 46. 1853లో అరబ్బు గుర్రం కొనుక్కోవాలని సిరియా వెళ్ళింది.

పాల్మైరా అనే ప్రాచీన నగరం శిథిలాలు చూడాలంటే డమాస్కస్ నుంచి ఎడారిలో రోజుల తరబడి ప్రయాణం. దారి పొడుగునా దోపిడీలు. మెజ్రాబ్ అనే చిన్న తెగ డబ్బు తీసుకుని యాత్రికుల్ని కాపుగాసి తీసుకెళ్ళేది. వాళ్ళు పెద్ద అనేజా తెగలో ఒక శాఖ. ఆ ప్రయాణానికి కాపుగా వచ్చినవాడు షేక్ తమ్ముడో కొడుకో అంటూ రకరకాలుగా రాస్తారు, పేరు మాత్రం మెజ్‌వెల్. ఆమె కంటే దాదాపు ఇరవై ఏళ్ళు చిన్న. చదవడం రాయడం వచ్చినవాడు, అది ఆ ఎడారిలో మామూలు విషయం కాదు. దారిలో దోపిడీగాళ్ళు మీదపడితే తరిమికొట్టాడు. పెళ్ళి చేసుకుంటావా అని అడిగింది ఆమె కాదు, అతనే. అతనికి అప్పటికే భార్య ఉంది. ఆమెను పుట్టింటికి పంపేశాడు. జేన్ పెట్టిన షరతు ఒక్కటే, నేను ఉన్నంతకాలం రెండో ఆడది ఉండకూడదు అని. బ్రిటిష్ కాన్సల్ వద్దంటే వద్దన్నాడు. ముస్లిం పద్ధతిలో నిఖా జరిగింది. ఆమె మాత్రం మతం మారలేదు.

ఆ తర్వాతి పాతికేళ్ళకు పైగా సాగిన కాపురం ఆమె జీవితంలో అన్నిటికంటే పొడుగైనది. ఏడాదిలో సగం డమాస్కస్‌లో తోట చుట్టూ ఉన్న ఇల్లు, సగం ఎడారిలో నల్ల మేకవెంట్రుకల గుడారం. డమాస్కస్‌లో కాన్సల్‌గా ఉన్న రిచర్డ్ బర్టన్ భార్య ఇసబెల్ ఆమెకు స్నేహితురాలు. ఎడారిలో జేన్ ఎలా ఉండేదో ఇసబెల్ రాసిపెట్టింది. ఒంటి మీద ఒక్క నీలం అంగీ, జుట్టు నేల తాకే రెండు జడలు. ఒంటెల పాలు పితికేది, మొగుడికి వంట చేసేది, చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కోవడానికి నీళ్ళు అందించేది, అతను తింటుంటే పక్కన నిలబడి వడ్డించేది. ఇసబెల్‌కు అది మింగుడుపడలేదు. ఇంగ్లీషు ప్రభువుల బిడ్డ ఒక నల్లవాడి కాళ్ళకు నీళ్ళివ్వడమా అన్న ధోరణి ఆ రాతలో దాగలేదు. నాకైతే ఆ వివరం వేరేలా తోస్తుంది. మొదటి మొగుడి బల్ల దగ్గర పది మంది నౌకర్లు వడ్డిస్తుంటే ఒంటరిగా తిన్న మనిషి ఈమె. ఒకరికి తన చేత్తో వడ్డించే పని మొదటిసారి దొరికింది.

అరబ్బులు ఆమెను ఉమ్ ఎల్ లబాన్ అనేవాళ్ళు, పాలతల్లి అని. ఒంటి రంగుకు వచ్చిన పేరు. తొమ్మిది భాషలు వచ్చంటారు. గుర్రపుస్వారీలో తెగ మగవాళ్ళకు తీసిపోదు, తెగల కొట్లాటల్లో మొగుడి పక్కన గుర్రం మీద వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. 1860 జులైలో డమాస్కస్‌లో క్రైస్తవుల మీద మారణకాండ జరిగినప్పుడు ఊరు వదిలి పోలేదు. అల్జీరియా నుంచి ప్రవాసం వచ్చిన అమీర్ అబ్దుల్ ఖాదిర్ వేలమందికి తన ఇంట ఆశ్రయమిచ్చి కాపాడాడు. తర్వాతి రోజుల్లో ఆయనా, బర్టన్ దంపతులూ, జేనూ సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు.

అంతా ముత్యాల పల్లకి అనుకోకండి. ఆమె డైరీల నిండా అనుమానం, అసూయ. మెజ్‌వెల్ కొన్నాళ్ళు కనిపించకపోతే మరో ఆడది ఉందేమోనని కుమిలిపోయేది, అరవై దాటాక కూడా.

ఇంగ్లండ్‌కు ఆఖరిసారి వచ్చింది 1856 చివర. తల్లి, తమ్ముళ్ళు ప్రేమగానే చూశారు, ఇంట్లో ఉంచుకున్నారు. కానీ అరబ్బు మొగుడి ఊసు తియ్యడం వాళ్ళకు ఇష్టం లేదు. 1857 వసంతంలో వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. డమాస్కస్‌కు విత్తనాలూ, పుస్తకాలూ, ఉత్తరాలూ మాత్రం వెళ్తూనే ఉండేవి.

ఇక పిల్లల సంగతి, మీ మూడో ప్రశ్న. మొత్తం ఆరుగురిని కంది. ముగ్గురు చిన్నప్పుడే పోయారు. మటిల్డాను ష్వార్జెన్‌బర్గ్ కుటుంబం పెంచింది, హెరిబర్ట్‌నూ బెర్తానూ తండ్రి పెంచాడు. "పిల్లల్ని వదిలేసిన తల్లి" అని ఆమె మీద వేసే నింద సగం నిజం. మిగతా సగం చట్టం. ఆనాటి ఇంగ్లండ్‌లో బిడ్డ తండ్రి సొత్తు. తల్లి కోర్టుకెళ్ళి చిన్నపిల్లల్ని అడగొచ్చని మొదటి చట్టం వచ్చింది 1839లో, అదీ వ్యభిచారం రుజువైన తల్లికి వర్తించదు. అయినా వెనింగెన్ పిల్లల విషయంలో మాత్రం నేను ఆమెను సమర్థించలేను. మంచి మనిషినీ ఇద్దరు పసివాళ్ళనూ కళ్ళు తెరిచే వదిలి వెళ్ళింది. పిల్లలంటే తనకు సహజంగా మమకారం పుట్టదని ఆమెకే తెలుసు. లియోనిదాస్ ఒక్కడు దానికి మినహాయింపు, వాడూ దక్కలేదు.

ఎల్లెన్‌బరో 1871లో పోయాడు, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

జేన్ 1881 ఆగస్టు 11న, 74 ఏళ్ళ వయసులో, జ్వరం, రక్తవిరేచనాలతో డమాస్కస్‌లో చనిపోయింది. ఎండాకాలం, ఊళ్ళో యూరప్ వాళ్ళు చాలామంది కొండల మీదికి పోయారు. ప్రొటెస్టెంట్ శ్మశానంలో ఖననం. మెజ్‌వెల్‌ను పెద్దమనిషిలా మూసిన బగ్గీలో కూర్చోబెట్టారు. అతను ఎప్పుడైనా బగ్గీలో కూర్చున్నాడు గనకనా? ఊరేగింపు సగం దారిలో ఉండగా తలుపు తోసుకుని దూకి, వెనక్కి పరిగెత్తాడు. వచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఫాదరు గోరీ దగ్గర ప్రార్థన చదువుతుండగా అతను గుర్రం దౌడు తీయించుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఆమె ఎక్కే గుర్రం అది.

ఇల్లు అతనికే రాసిచ్చింది. గోరీ మీద పుట్టింటివాళ్ళ తరహాలో ఇంగ్లీషు అక్షరాలున్నాయి: జేన్ ఎలిజబెత్, అడ్మిరల్ సర్ హెన్రీ డిగ్బీ కూతురు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ముగ్గురు మొగుళ్ళ పేర్లూ లేవు, నాలుగోవాడిదీ లేదు. పాదాల వైపు మాత్రం పాల్మైరా నుంచి మోయించి తెచ్చిన రాయి ఒకటి ఉంది. దాని మీద అరబ్బీలో ఆమె పేరు, మెజ్రాబ్ ఇంటిపేరుతో. అది మెజ్‌వెల్ వేయించింది.